‘తాళం తీసింది’ అంటే వేసినట్టా, తెరిచినట్టా?

మధురవాడలో డిప్లొమా పిల్లలకు డివైస్ డ్రైవర్ల (పరికరాలతో పని చేయించే ప్రోగ్రాంల) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. డ్రైవర్ లాక్ పట్టుకుందని చెప్పాలి. లాక్ అంటే ఒకరి పని అయ్యేదాకా ఇంకొకరు మధ్యలో దూరకుండా చేసే ఏర్పాటు. ‘తాళం తీసింది’ అని రాసి మా ఆవిడకు చూపిస్తే, ‘అయితే తలుపు తెరుచుకున్నట్టేగా’ అంది. నిజమే. తాళం వేస్తే మూసినట్టు, తీస్తే తెరిచినట్టు. అక్కడ జరిగేది సరిగ్గా తిరగేసిన పని.

సందర్భం చెబుతాను. చిప్పులు మాట్లాడుకునే దారి అయిన ఐ2సీ బస్‌కు తీగలు రెండే, ఒకటి డేటాకి, ఒకటి క్లాక్‌కి. చిప్పులన్నీ వాటినే పట్టుకుని ఉంటాయి. మా బోర్డు మీద డీఎస్3231 గడియారం చిప్పు ఉంది. అది ఉష్ణోగ్రత కూడా చెబుతుంది. టైము 0వ రిజిస్టర్ (చిప్పులో అంకెలుండే గది) నుంచి, ఉష్ణోగ్రత 17వ దాన్నుంచి. ముందు నంబరు పంపాలి, తర్వాత చదవాలి. టైము కావాల్సినవాడు 0 పంపి చదివేలోగా, ఉష్ణోగ్రత కావాల్సినవాడు మధ్యలో దూరి 17 పంపితే? గది 32.25 డిగ్రీలుంటే గడియారం 40 నిమిషాల 20 సెకన్లు చూపిస్తుంది! 32ను పదహారుల లెక్కలో రాస్తే 20, ఆ పావు డిగ్రీ 40గా కనిపిస్తుంది. మా పిల్లల ప్రోగ్రాంలో అచ్చం ఇదే జరిగింది. మధ్యాహ్నం ఉక్కపోతకు ఇంకో పావు డిగ్రీ పెరిగేసరికి 80 నిమిషాలంది. అప్పుడు దొరికింది దొంగ.

నంబరు పంపడం, చదవడం రెండూ ఒకే లాక్ కింద జరగాలి. లినక్స్‌లో రెండు సందేశాలనూ ఒకే ట్రాన్స్‌ఫర్‌గా ఇస్తే మధ్యలో బస్ ఎవరికీ చిక్కదు. ఈ లాక్‌కి ‘వంతు’ అంటే ఎలా ఉంటుంది? వీధి కుళాయి దగ్గర ఒక బిందె నిండకుండా ఇంకో బిందె పెట్టనివ్వరు కదా.

గాజువాక మిత్రుడి జవాబు: వంతు అంటే వరుస ఉందనిపిస్తుంది. లినక్స్ మ్యూటెక్స్‌లో (ఒకసారికి ఒక్కరికే చిక్కే లాక్‌లో) ముందొచ్చి, దొరక్క నిద్రపోయినవాడు లేచేలోగా, అప్పుడే వచ్చినవాడు లాక్ తన్నుకుపోవచ్చు. అది వంతేంటండీ, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేయడం.

రైల్వేలో చేసి రిటైరైన గోపాలపట్నం పెద్దాయన జవాబు: సింగిల్ లైన్ మీద బాల్ టోకెన్ పద్ధతి ఉండేది బాబూ. ఇనుప బంతి చేతికి వస్తేనే బండి సెక్షన్‌లోకి కదలాలి. అవతలి స్టేషన్లో అప్పగించేదాకా ఇంకో బంతి మిషన్‌లోంచి రాదు. మీకు కావాల్సింది తలుపుకు పడేది కాదు, చేతిలో ఉండేది. ‘తాళంచెవి’ అని చూడండి.

బాబాయ్ గారూ, పేచీ తీరింది. ‘డ్రైవర్ తాళంచెవి తీసుకుంది, పని అయ్యాక ఇచ్చేసింది.’ మా అపార్ట్‌మెంట్‌లో మేడ తాళంచెవి వాచ్‌మన్ గది మేకుకు వేలాడుతుంటుంది. మేకు ఖాళీగా ఉంటే పైన ఎవరో బట్టలు ఆరేస్తున్నట్టే. మా ఇంట్లో చెవుల్నే ‘తాళాలు’ అంటాం గానీ, రాతలో ఆ తికమక వద్దు.

భీమిలి నుంచి ఒకావిడ: మరి డెడ్‌లాక్‌కి?

దానికి మనకు ‘పీటముడి’ ఉండనే ఉంది. బొక్కెన ఒకరి చేతిలో, చేంతాడు ఇంకొకరి చేతిలో, ఇద్దరూ వదలరు. నీళ్ళు ఎవరికీ రావు. ముందు చేంతాడు, తర్వాతే బొక్కెన అని ఎవరొచ్చినా ఒకే క్రమం పాటిస్తే ముడి పడదు. డ్రైవర్లలోనూ చేసేది అదే.

గాజువాక మిత్రుడు: స్పిన్‌లాక్ మిగిలిపోయింది. ఇంటరప్ట్ హ్యాండ్లర్ (పరికరం పిలిస్తే వెంటనే పలికే కోడ్) నిద్రపోకూడదు, అందుకే ఆ లాక్ కోసం గుమ్మం దగ్గరే తిరుగుతూ ఉంటుంది.

పడిగాపులు కాస్తోంది అందాం. ‘పడిగాపు తాళంచెవి’ అని నోట్సులో రాసేశాను. రేపు క్లాసులో ఎవరైనా నవ్వితే మారుస్తాను.