పాత పేజ్‌మేకర్ పుస్తకాన్ని మళ్లీ తేవాలంటే: ఆఫ్‌సెట్టా, కావలసినన్ని ప్రతులా, ఈ-పుస్తకమా?

ప్రశ్న: కందుకూరు పాఠకుడు

కందుకూరు, కొండపి, టంగుటూరు ప్రాంతాల పొగాకు రైతుల జీవితం మీద మా నాన్నగారు రాసిన కథల సంపుటిని 2001లో విజయవాడకు చెందిన ఒక ప్రచురణ సంస్థ 1000 ప్రతులు వేసింది. ఆ ప్రతులు ఎప్పుడో చెల్లిపోయాయి, నాన్నగారూ లేరు, ఆ సంస్థ ఇప్పుడు కొత్త పుస్తకాలు వేయడం లేదు. ఊళ్లో అడిగేవారు ఇంకా అడుగుతూనే ఉన్నారు కనుక మళ్లీ తేవాలనుకుంటున్నాము. ఒంగోలులో ప్రెస్సువారు కనీసం 500 ప్రతులైనా వేయించకపోతే గిట్టుబాటు కాదంటున్నారు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు అచ్చే వద్దు, ఈ-పుస్తకం పెడితే చాలంటున్నాడు. అడిగినన్ని ప్రతులే వేసే పద్ధతి వచ్చిందని మరొకరు చెప్పారు. మా దగ్గర ఉన్నవి పుస్తకం పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్ ఫైళ్ల సీడీ, అర పేజీ ఒప్పంద పత్రం. అందులో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని ఉంది, ఎన్నేళ్లకో రాయలేదు, కింద నాన్నగారి సంతకం ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: నెల్లూరు డీటీపీ

మాస్టారూ, అచ్చా ఈ-పుస్తకమా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందు సీడీలో ఉన్న పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా ఫోనైనా తెలుగుగానే గుర్తించే సంకేతాల్లోకి, తెచ్చుకోండి. అది చేతిలో ఉంటే ఏ పద్ధతికైనా పనికొస్తుంది, లేకపోతే ప్రతిసారీ మొదటినుంచి టైపు చేయించుకోవలసిందే. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. "అను" వంటి పాత తెలుగు ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగే అయినా, ఫైలులో ఉండేవి ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ చెందిన సంకేతాలు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. వీటిని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, చాలావరకు బాగానే మారుస్తాయి, కానీ ఆపరేటరు కంటికి సరిపోయేలా కొట్టిన చోటల్లా చిక్కు వస్తుంది. తెలుగు సున్నాకు బదులు అంకె సున్నా కొట్టడం ఆ రోజుల్లో మామూలే. అచ్చులో తేడా కనిపించదు. యూనికోడ్‌లోకి వచ్చాక మాత్రం "కందుకూరు" అని వెతికితే, అంకెతో కొట్టిన కందుకూరు ఎక్కడా దొరకదు, ఫోనులో చదివి వినిపించే యంత్రం ఆ మాట దగ్గర తడబడుతుంది. వత్తుల క్రమం, గుణింతాల క్రమం కూడా ఇలాగే తారుమారవుతాయి.

ఒకవేళ సీడీ తెరుచుకోకపోతే పాత ప్రతిని స్కాన్ చేసి ఓసీఆర్ చేయించాలి, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చేత గుర్తింపజేసి పాఠంగా మార్పించాలి. గూగుల్ డాక్స్‌లోనూ, ఉచితంగా దొరికే టెసెరాక్ట్‌లోనూ తెలుగు ఉంది. అయితే "మ"కూ "వు"కూ, "ష"కూ "ప"కూ తేడా అది అన్నిసార్లూ పట్టుకోలేదు కనుక, అచ్చు ప్రతిని పక్కన పెట్టుకుని మీ ఇంట్లో ఆ యాస తెలిసినవారే ప్రూఫులు దిద్దాలి. పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర మాట్లాడుకునే మాటలు బయటివారికి తప్పుల్లా కనిపించి, వాటిని "సరిచేసే" ప్రమాదం ఉంది. ఈ పనికయ్యే శ్రమను ఎవరూ లెక్కలో వేయరు, అసలు ఖర్చు అక్కడే.

ఇక అచ్చు సంగతి. డెమీ ఒకటికి ఎనిమిది సైజులో ఫారానికి (ఒక పెద్ద కాగితానికి రెండు వైపులా కలిపి) 16 పేజీలు, అంటే 160 పేజీల పుస్తకానికి 10 ఫారాలు. ఆఫ్‌సెట్‌లో ఆ ఫారాలన్నిటికీ ప్లేట్లు (అచ్చువేసే రేకులు) చేయించక తప్పదు, మీరు 50 ప్రతులు వేసినా 1000 వేసినా ప్లేట్ల ఖర్చు మారదు. 500 అని ప్రెస్సువారు అనడానికి కారణం అదే. డిజిటల్ అచ్చుకు ప్లేట్లు ఉండవు కనుక ఒక్క ప్రతి కూడా వేయవచ్చు, కానీ ఒక్కో ప్రతి ఖరీదు ఎన్ని వేసినా పెద్దగా తగ్గదు. బైండింగు కూడా చూసుకోండి. జిగురుతో మాత్రమే అంటించిన పుస్తకం పదిమంది చేతులు మారితే ఊడివస్తుంది. ముందు 100 ప్రతులు డిజిటల్‌లో వేయించి, గిరాకీని బట్టి ఆఫ్‌సెట్‌కు వెళ్లడం నాకు సబబనిపిస్తుంది.

జవాబు: ఒంగోలు న్యాయవాది

కాపీరైటు చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగా భావించాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమని భావించాలి. మీ పత్రం 2001 నాటిది కనుక, అందులో "శాశ్వతంగా" అన్న మాట గాని, పునర్ముద్రణల ప్రస్తావన గాని మరోచోట లేకపోతే, ఆ గడువు ఏనాడో తీరింది. హక్కులు నాన్నగారి వారసులవి. రచయిత మరణించిన తర్వాత మరో 60 ఏళ్లు అవి ఉంటాయి. వారసులు ఒకరికి మించి ఉంటే అందరి సంతకాలతో ఒక కాగితం రాసుకోవడం మంచిది, తమ్ముడు ఈ-పుస్తకం అంటున్నాడు కాబట్టి మరీను. ఇకమీదట ఎవరితో ఒప్పందం చేసుకున్నా అచ్చు, ఈ-పుస్తకం, ఆడియో అని విడివిడిగా, గడువుతో సహా రాయించుకోండి. ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, దాన్ని పేరు పెట్టి ప్రస్తావిస్తే తప్ప, బదిలీ వర్తించదని 2012 సవరణ చెబుతున్నది.

జవాబు: కావలి పుస్తకాల కొట్టు

పైవారు చెప్పినవి నిజమే గాని, అమ్మకం గురించి ఎవరూ మాట్లాడలేదు. పూర్వం ప్రచురణకర్త పెట్టుబడితో పాటు ఊరూరి కొట్లకు పుస్తకం చేర్చే భారం కూడా మోసేవాడు, ఇప్పుడు ఆ భారం రచయిత ఇంటికి వచ్చింది. 2016 డిసెంబరులో అమెజాన్ వారి ఈ-పుస్తకాల వేదిక కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు అందులో తెలుగు లేదు; కినిగె వంటి తెలుగువారి వేదికలే ఆ లోటును కొంత పూడ్చాయి. పీడీఎఫ్ పెడితే మాత్రం వారం తిరక్కుండా వాట్సాప్ గుంపులన్నీ చుట్టి వస్తుంది, మీకు పైసా రాదు. ఫోను తెరకు తగ్గట్టు అక్షరం సర్దుకునే ఈపబ్ రూపంలోనే ఇవ్వండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ సంఖ్య) మన దేశంలో ఉచితం, రాజా రామమోహన్ రాయ్ పేరున ఉన్న జాతీయ సంస్థ ఇస్తుంది. అచ్చు ప్రతికి ఒకటి, ఈ-పుస్తకానికి మరొకటి తీసుకోవాలి.

మీ పాఠకులు ఎక్కడున్నారో చూసి తేల్చుకోండి. నా కొట్టుకు వచ్చి ఇలాంటి పుస్తకం అడిగేవారు అరవై దాటినవారే, వారికి కాగితమే కావాలి. వారి పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్నారు, వారికి పోస్టు ఖర్చు పుస్తకం ఖరీదును మించుతుంది. కనుక మీ తమ్ముడి మాటా కొట్టివేయదగ్గది కాదు.

ప్రశ్న అడిగినవారు: కందుకూరు పాఠకుడు

అందరికీ కృతజ్ఞతలు. ఒప్పంద పత్రం మళ్లీ చదివాము, "శాశ్వతంగా" అని లేదు, పునర్ముద్రణ ఊసూ లేదు. సీడీ తెరుచుకుంది, కానీ అక్షరాలన్నీ గుర్తులుగా కనిపిస్తున్నాయి. నెల్లూరు వారికి ఫైళ్లన్నీ ఒకేసారి పంపమంటారా?

జవాబు: నెల్లూరు డీటీపీ

వద్దండీ, ఒక్క కథ పంపండి. దానితోపాటు అదే కథ అచ్చు పేజీలను ఫోటో తీసి పంపండి. ఏ ఫాంటు, ఎన్నో వెర్షన్ అన్నది ముందు తేలాలి. అది తేలకుండా కన్వర్టరులో వేస్తే వత్తులన్నీ చెదిరిపోతాయి.