వ్యాధికారకాలు ఒంట్లో చేరి ఏం చేస్తాయి? డెల్టా ఊళ్ళ వారి అనుభవాలు

ఉపాధ్యాయురాలు, రాజోలు ప్రాంతం

వరద తీసిన తర్వాత మా లంక గ్రామంలో ఒకే వీధిలో ఒకరికి నీళ్ళ విరేచనాలు, ఒకరికి వారం దాటినా తగ్గని జ్వరం, ఇంకొకరికి జ్వరంతో పాటు పచ్చకామెర్లు వచ్చాయి. ముగ్గురికీ క్రిములే కారణమని చెప్పారు గాని, ఇచ్చిన వైద్యం మాత్రం ముగ్గురికీ వేరు. బ్యాక్టీరియా, వైరస్, శిలీంధ్రం, ప్రోటోజోవా అన్న పేర్లు మా పిల్లలకు వచ్చు. అవి జబ్బు చేసే తీరు ఒక్కొక్కదానిది ఎందుకు వేరుగా ఉంటుందో వారికి చెప్పాలి. దగ్గరగా చూసినవారు రాయవలసిందిగా కోరుతున్నాను.

ల్యాబ్ టెక్నీషియన్, అమలాపురం

టీచర్ గారూ, మన చర్మం మీదా పేగుల్లోనూ ఉండే సూక్ష్మజీవుల్లో చాలా భాగం మనకు హాని చేయవు. ఒంట్లోకి దారి దొరికి, ఒకచోట అంటిపెట్టుకొని, రక్షణ వ్యవస్థ కన్నుగప్పి పెరిగి, ఆ క్రమంలో మనకు నష్టం కలిగించేదాన్నే వ్యాధికారకం అంటాము. ఆ నష్టం జరిగే దారులు మాత్రం ఒకటి కావు.

కలరానే తీసుకోండి. ఆ బ్యాక్టీరియా రక్తంలోకి పోదు, పేగు గోడను కొరకదు. పేగు పైపొరకు అంటుకొని ఒక విషపదార్థాన్ని వదులుతుంది. దాని ప్రభావంతో పేగు కణాలు లవణాలను ఆపకుండా బయటికి పంపుతాయి, వాటి వెంట నీరు పోతుంది. తీవ్రమైన రోగికి గంటకు ఒక లీటరు దాకా నీరు పోవచ్చు కనుక, ప్రాణం తీసేది క్రిమి కాదు, నీరు పోవడం. అయితే చక్కెరతో కలిపి ఉప్పును పీల్చుకునే శక్తి పేగుకు అప్పటికీ ఉంటుంది. ఓఆర్ఎస్ పని చేసేది దాని ఆధారంగానే.

టైఫాయిడ్ కూడా కలుషితమైన నీటితోనో ఆహారంతోనో వచ్చేదే అయినా, దాని నడక వేరు. అది పేగు గోడను దాటి, తనను మింగి చంపవలసిన తెల్ల రక్తకణాల లోపలే దాక్కొని, రక్తం ద్వారా కాలేయానికీ ప్లీహానికీ చేరుతుంది. జ్వరం రోజుల తరబడి సాగడానికి కారణం అదే. సరైన యాంటీబయాటిక్ పూర్తి కాలం వాడవలసింది కూడా అందుకే. ఒక్క మాట ఇక్కడ గట్టిగా చెప్పాలి: పాత జ్వరం వల్లనో టీకా వల్లనో మన రక్తంలో యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోవడానికి ఒళ్ళు తయారు చేసుకునే పదార్థాలు) ముందే ఉండవచ్చు కాబట్టి, ఆ యాంటీబాడీలను వెతికే ఒక్క వైడాల్ రక్తపరీక్ష చూసి టైఫాయిడ్ అని తేల్చడం సరికాదు. మందు మొదలుపెట్టక ముందే రక్తం కల్చర్‌కు, అంటే అందులోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకు, ఇవ్వడం మేలు.

వరి రైతు, ముమ్మిడివరం వైపు

ఆ కామెర్ల మనిషి పొలం పనికి వెళ్ళేవారేమో కనుక్కోండి. మా బావమరిదికి సార్వా నాట్లప్పుడు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్ళు ఎర్రబడటం వచ్చాయి, ఆ తర్వాత కామెర్లు కనిపించాయి. పరీక్షలో లెప్టోస్పైరోసిస్ అని తేలింది. ఎలుకల మూత్రం కలిసిన దమ్ము నీటిలో ఆ బ్యాక్టీరియా ఉంటుందని, కాలి పగుళ్ళ ద్వారా, చిన్న గాయాల ద్వారా రక్తంలోకి వెళ్తుందని, కాలేయాన్నీ మూత్రపిండాలనూ దెబ్బతీయగలదని డాక్టరు గారు చెప్పారు. త్వరగా వెళ్ళడం వల్ల యాంటీబయాటిక్‌తో నయమైంది. జ్వరం వస్తే పొలంలో దిగిన సంగతి డాక్టరుకు మనమే చెప్పాలి.

రొయ్యల రైతు, భీమవరం

మా చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ పడితే కొద్ది రోజుల్లోనే పంట పోతుంది. ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి అయితే రొయ్యను వెంటనే చంపదు, ఎదగనీయదు. మేత ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ఈ రెండూ మనుషులకు అంటవు. వైరస్‌కు సొంతంగా బతికే సామగ్రి ఉండదు, కణంలో దూరి ఆ కణం చేతనే తన నకళ్ళు తయారు చేయించుకుంటుంది. యాంటీబయాటిక్ పని చేసేది బ్యాక్టీరియా మీద కాబట్టి, దాన్ని చెరువులో పోసినా, జలుబుకు మనం మింగినా వైరస్‌కు ఏమీ కాదు. మిగిలేది మందుకు లొంగని బ్యాక్టీరియా మాత్రమే. మన ప్రాంతంలో ఈ విషయం ప్రతి రైతుకూ తెలియాలని నా కోరిక.

విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, పాలకొల్లు

బోదకాలు గురించి ఎవరూ రాయలేదు. దీనికి కారణం క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే దారపు పురుగు. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో (ఒంట్లో ఊరిన నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే గొట్టాల్లో) ఏళ్ళ తరబడి ఉంటాయి. వాటి పిల్లలైన మైక్రోఫైలేరియాలు రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. ఆ దోమ కుట్టే వేళ కూడా రాత్రే. అందుకే రక్తం తీయడానికి మేము రాత్రి పూట ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. వేలికొసన తీసిన తాజా రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద పెడితే, సన్నని దారంలాంటి ఆ పురుగు రక్తకణాలను అటూ ఇటూ తోస్తూ మెలికలు తిరుగుతుంది. ఆ రక్తం ఇచ్చిన మనిషికి చాలాసార్లు ఏ బాధా ఉండదు.

బోదకాలు పురుగు పోవడానికి ఊళ్ళో అందరికీ ఇచ్చే డీఈసీ బిళ్ళ వేసుకున్న రాత్రి జ్వరం వచ్చిందని మరుసటి ఏడు బిళ్ళ వద్దన్న ఇళ్ళు చాలా ఉన్నాయి. పురుగు పిల్లలు చచ్చినప్పుడు మన రక్షణ వ్యవస్థ వాటి మీద చూపే ప్రతిచర్యే సాధారణంగా ఆ జ్వరం. ఆ మందును కనుగొన్న పరిశోధనకు నాయకత్వం వహించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో పుట్టినవారని చెబితే, కొందరు మళ్ళీ చేయి చాచేవారు. గర్భిణులకు, రెండేళ్ళలోపు పిల్లలకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి మాత్రం ఈ బిళ్ళలు ఇవ్వరు.

ఉపాధ్యాయురాలు, రాజోలు ప్రాంతం

అందరికీ ధన్యవాదాలు. మా వీధిలో ఒక పెద్దావిడకు చాలా ఏళ్ళుగా కాలు వాచి ఉంది. ఇప్పుడు బిళ్ళలు వేసుకుంటే వాపు తీస్తుందా అండీ?

విశ్రాంత ఆరోగ్య కార్యకర్త, పాలకొల్లు

పాత వాపు బిళ్ళలతో పోదమ్మా, నాళాలు అప్పటికే దెబ్బతిని ఉంటాయి. వాపు పెరగడానికి పెద్ద కారణం వేళ్ళ సందుల్లోని పుళ్ళ ద్వారా దూరే మామూలు బ్యాక్టీరియా. అది దూరినప్పుడల్లా చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడుతుంది, ప్రతిసారీ వాపు కొంత పెరుగుతుంది. రోజూ సబ్బుతో కాలు కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా మెత్తని గుడ్డతో అద్ది, పుండు ఉంటే మందు రాసి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోమనండి. జ్వరం వచ్చిన రోజు మాత్రం కాలికి వ్యాయామం చేయించవద్దు, వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి.