అప్‌డేట్: ముసురులో ఇంట్లో బట్టలు ఆరబెట్టడం

విశాఖలో సముద్రానికి దగ్గరగా, గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటామని, ముసురు పడితే పడకగదిలో ఆరేసిన బట్టలు ముక్కిన వాసన వస్తున్నాయని, బీరువా వెనక గోడకు బూజు పడుతోందని ఆమధ్య అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అన్నిటికంటే బాగా పనిచేసింది పైసా ఖర్చు లేనిదే: ఉతకడం అయ్యాక మెషీన్‌లో మరోసారి స్పిన్ మాత్రమే తిప్పడం. అక్కడ పోయిన నీరు గదిలోకి ఎక్కదు కదా!

కిటికీలు తెరవమన్న సలహా మాత్రం మా ఊరికి పనికిరాలేదు. బయటి గాలిలోనే తేమ 90 శాతం ఉంటే తెరిచి లాభమేమిటి? చివరికి డీహ్యూమిడిఫయర్ (గాలిలోని తేమను లాగి నీళ్లుగా తొట్టెలో పట్టే యంత్రం) కొన్నాం. తలుపులు మూసి, దాని పక్కన టేబుల్ ఫ్యాన్ పెడితే తేమ మీటరు 85 నుంచి 60కి దిగుతోంది. తొట్టెలో చేరే నీళ్లు చూస్తే ఇవన్నీ ఇన్నాళ్లూ మా గోడలే తాగాయా అనిపిస్తుంది. సాయంత్రం వేసిన చొక్కాలు తెల్లారేసరికి ఆరుతున్నాయి. జీన్స్ మాత్రం నడుము పట్టీ దగ్గర మొండికేస్తాయి. తిరగేసి, జేబులు బయటికి లాగి వేయాలి. కరెంటు బిల్లు పెరిగింది. ఆ సంగతి మా అత్తగారు ఎవరినీ మరిచిపోనివ్వడం లేదు.

తువ్వాళ్ల వాసన వెనిగర్‌కు లొంగలేదు, 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే పోయింది.

బీరువాను గోడకు జానెడు దూరం జరిపాం. తుడిచిన బూజు మళ్లీ రాలేదు. కానీ గోడ అడుగుభాగం ఇంకా చెమ్మగానే ఉంది. అది నేలలోంచి ఎక్కుతున్న తడి అని, బట్టలకూ దానికీ సంబంధం లేదని మేస్త్రీ తేల్చారు. ఇంటి యజమానితో ఈ వారం మాట్లాడాలి.