ఆదివారం అమ్మానాన్నలతో ఒఫీలియా ప్లాడ్స్‌ – ఎలా వెళ్ళాలి?

కోనసీమ పిల్ల:
అందరికీ నమస్కారం. కోపెన్‌హాగన్ వచ్చి ఆరు వారాలైంది. సీపీఆర్ నంబరు (ఇక్కడి గుర్తింపు నంబరు), పసుపు రంగు ఆరోగ్య కార్డు వచ్చేశాయి. ఈ నెల ఒకటిన నోర్డ్‌హావ్న్‌లో ఒక ఫ్లాట్‌లోకి మారాను. మొన్న అమ్మానాన్న అమలాపురం నుంచి వచ్చారు. ఆదివారం వాళ్ళని న్యూహావ్న్ కాలువ పక్కనున్న ఒఫీలియా ప్లాడ్స్ రేవుకి తీసుకెళ్దామని ఉంది. ఫోటోల్లో చూస్తే నీళ్ళలోకి చొచ్చుకెళ్ళిన పెద్ద రాతి మైదానంలా ఉంది. నాన్నకి మోకాళ్ళ నొప్పి. అమ్మకి నీళ్ళంటే భయం. నేను అడిగేవి మూడే: మెట్రో దిగాక ఎంత నడవాలి? కూర్చోడానికి ఏమైనా ఉంటుందా? బాత్రూమ్ ఎక్కడ?

వాల్బీ బాబాయ్:
రామ్మా, స్వాగతం. రేవు ఎక్కడికీ పోదు, తర్వాత చూడొచ్చు. ముందు ఇది చెప్పు. ఒకటో తారీఖున ఫ్లాట్‌లో దిగావు, ఇవాళ తొమ్మిది. గోడలు, నేల, వంటగది గట్టు, కిటికీ అంచులు, అన్నీ ఫోటోలు తీశావా? లోపాలన్నీ రాసి ఓనరుకి పంపావా? దిగిన రోజు నుంచి 14 రోజుల్లోపు పంపాలి. దాటితే ఆ గీతలన్నీ నీ ఖాతాలోకే.

నా కథ చెప్తా విను. 2014లో వాల్బీలో ఫ్లాట్ తీసుకున్నాం. మూడు నెలల డిపాజిట్, మూడు నెలల ముందస్తు అద్దె, చట్టం ఒప్పుకునేంత వరకూ ఓనరు పూర్తిగా పిండాడు. దిగిన రోజే హాల్లో నేల మీద సోఫా లాగిన గీత ఉంది. మీ పిన్ని చూసి, 'ఫోటో తీయండి' అంది. 'ఏం పర్లేదులే, మంచివాడిలా ఉన్నాడు' అన్నాను. ఆ ఒక్క మాటకి ఆవిడ ఇప్పటికీ నన్ను వదల్లేదు. రెండేళ్ళకి ఖాళీ చేస్తే బిల్లొచ్చింది. ఇల్లంతా రంగులు, నేలంతా పాలిష్, వంటగది గట్టు మార్పు. గట్టు మీద పసుపు మరక ఒకటుంది. రూపాయి బిళ్ళంత. అది మనదే, ఒప్పుకుంటాను, ఆవకాయ కలిపిన రోజు పడింది. దానికి గట్టు మొత్తం మారుస్తాడట! డిపాజిట్ అంతా మింగి, ఇంకా ఎదురు కట్టమన్నాడు.

తల ప్రాణం తోకకొచ్చింది. కింది వాటాలో ఒక డేనిష్ ముసలావిడ ఉండేది. ఆవిడ ఒకటే ప్రశ్న వేసింది: 'అతనికి ఇలాంటి ఫ్లాట్లు ఎన్ని?' అదే బిల్డింగులో నాలుగు. 'అయితే నువ్వు ఖాళీ చేసేటప్పుడు నిన్ను పిలిచి, కలిసి ఇల్లంతా చూసి, రిపోర్టు చేతికివ్వాలి. ఇచ్చాడా?' ఇవ్వలేదు. ఒకటి కంటే ఎక్కువ ఇళ్ళు అద్దెకిచ్చేవాడు దిగేటప్పుడూ వెళ్ళేటప్పుడూ అలా చూడాల్సిందే. అద్దె వివాదాల మండలికి కాగితం పెట్టాం. ఏడు నెలలకి తీర్పొచ్చింది, డబ్బు తిరిగొచ్చింది. పసుపు మరకకి కూడా పైసా కట్టలేదు. కాబట్టి అమ్మా, ముందు ఫోటోలు.

ఓరెస్టాడ్ అత్తయ్య:
బాబాయ్ గారూ, ఆ గడువు 14 రోజులు కాదండీ, నెల. మా అబ్బాయి నెలకి పంపాడు, ఓనరు ఒప్పుకున్నాడు.

సైకిల్ మాస్టారు:
అత్తయ్య గారూ, మీ ఓనరు మంచివాడు కాబట్టి ఒప్పుకున్నాడు. చట్టంలో ఉన్నది రెండు వారాలే. ఆ అమ్మాయిని కంగారు పెట్టకండి. బాబాయ్ గారూ, మీ గట్టు కథ ఏటా ఉగాదికి వింటున్నాం. ఆ బిళ్ళ పోయినేడు అర్ధరూపాయంత ఉండేది, ఈసారి రూపాయంతైంది.

ఇక అమ్మాయి అడిగిన దానికి. నోర్డ్‌హావ్న్ నుంచి ఎమ్4 మెట్రో ఎక్కితే మూడో స్టేషను కోంగెన్స్ న్యూటోర్. అక్కడ దిగి న్యూహావ్న్‌లో రంగుల ఇళ్ళున్న వైపే నేరుగా నీళ్ళదాకా నడవాలి. చివర ఎడమకి తిరిగితే ముదురు ఇటుకల భవనం, అదే 2008లో తెరిచిన నాటకశాల. దాన్ని ఆనుకుని నీళ్ళ మీద చెక్క దారి ఉంటుంది. అది దాటితే ఒఫీలియా ప్లాడ్స్. మామూలు నడకకి పది నిమిషాలు, మీ నాన్నగారికి ఇరవై అనుకోండి. న్యూహావ్న్‌లో గుండ్రాళ్ళ నేల ఉంది, మోకాళ్ళకి అదే ఇబ్బంది. ప్లాడ్స్ అని రాస్తారు గానీ 'ప్లాస్' అనండి, డి మింగేయాలి. ఇక్కడ సగం అక్షరాలు మింగడానికే రాస్తారు.

వాల్బీ బాబాయ్:
మోకాళ్ళ నొప్పంటే మెట్రో ఎందుకు? ఎవరిదైనా కారు అడుగు. ఆ మైదానం కిందే మూడంతస్తుల పార్కింగ్ ఉంది, 500 కార్లు పడతాయి. లిఫ్టులో పైకొస్తే నడిమధ్య తేలతారు. 2016లో ఆ రేవుని మళ్ళీ తెరిచినప్పుడు కార్లన్నీ కిందకి తోసి, పైన మనుషులకి వదిలారు. అసలు అది క్వెస్టుహుస్ రేవు. ఒకప్పుడు బోర్న్‌హోమ్ దీవికి పడవలు అక్కడినుంచే వెళ్ళేవి. నేనొచ్చిన కొత్తలో అక్కడ లారీల వరసలు, డీజిల్ వాసన. ఇప్పుడు ఎండాకాలం సాయంత్రాలు అదే చోట సంగీత కచేరీలు పెడుతున్నారు.

సైకిల్ మాస్టారు:
ఆదివారం ఊరి మధ్యకి కారా? పార్కింగుకి పెట్టే డబ్బుతో ముగ్గురూ మెట్రోలో రోజంతా తిరగొచ్చు. అమ్మానాన్నలకి సిటీ పాస్ తీసుకోండి. మెట్రో, బస్సు, రైలు, నీళ్ళ మీద తిరిగే పసుపు పడవ బస్సు అన్నింటికీ అదొక్కటే. దిగేటప్పుడు ప్రయాణం ముగిసిందని నమోదు చేసే చెక్ ఔట్ టెన్షన్ కూడా ఉండదు. పెద్దవాళ్ళు చెక్ ఔట్ మర్చిపోవడం ఖాయం. నేనే మర్చిపోతాను.

వాల్బీ బాబాయ్:
ఆయన మోకాళ్ళకి సిటీ పాస్ రాసిస్తావా? నీకు సైకిలు తప్ప ఇంకేదీ కనపడదు.

సైకిల్ మాస్టారు:
సైకిలు గురించి ఒక్క ముక్కైనా అన్నానా బాబాయ్ గారూ!

ఆమేయర్ అక్క:
ఇద్దరూ ఆగండి. చెల్లీ, బాత్రూమ్ సంగతి ఇక్కడ మగవాళ్ళెవరూ చెప్పరు, నేను చెప్తాను. నాటకశాల లోపల హాలుంది, కాఫీ షాపు ఉంది. అది తెరిచి ఉండే వేళ చూసుకుని వెళ్ళు. ఆదివారం పొద్దున్నే వెళ్తే మూసి ఉండొచ్చు. మధ్యాహ్నం కాఫీ తాగే నెపంతో లోపలికెళ్ళి పని చూసుకోవడమే.

కూర్చోడానికి బల్లల మీద ఆశ పెట్టుకోకు. మడత స్టూలు ఒకటి పట్టుకెళ్ళు. చాప కూడా. రేవు మీద నీళ్ళలోకి దిగే మెట్లున్నాయి, వాటిని ముద్దుల మెట్లు అంటారు. అక్కడ హాయిగా కూర్చోవచ్చు గానీ అమ్మని కింది మెట్టుకి వెళ్ళనివ్వకు. ఇక్కడి రేవులకి చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. గట్టు తిన్నగా నీళ్ళలోకి తెగిపోతుంది, అక్కడక్కడా నిచ్చెన, ప్రాణరక్షణ చక్రం తగిలించి ఉంటాయి, అంతే. మా అత్తగారు మొదటిసారి చూసి, 'ఇంత డబ్బున్న దేశం, నాలుగు కడ్డీలు పెట్టలేకపోయారా?' అన్నారు.

గాలి ఫోటోల్లో కనపడదు. మే నెల ఎండ చూసి మోసపోకు. ఆ మైదానం మీద ఒక్క చెట్టు నీడ గానీ గోడ చాటు గానీ లేదు. అమ్మ చీర కడితే పిన్నీసులు గట్టిగా పెట్టు, పైన జాకెట్ వెయ్యి. స్వెట్టరు ఆపదు, గాలి ఆపే జాకెట్ కావాలి.

ఓరెస్టాడ్ అత్తయ్య:
ముద్దుల మెట్లు కాదమ్మా, ముద్దుల వంతెన. న్యూహావ్న్ చివర ఉంటుంది.

ఆమేయర్ అక్క:
రెండూ ఉన్నాయి అత్తయ్య గారూ. వంతెన వేరు, మెట్లు వేరు. వంతెన 2016లో తెరిచారు, మనుషులకీ సైకిళ్ళకీ మాత్రమే. పడవలు పోవాలంటే రెండు ముక్కలూ వెనక్కి జరుగుతాయి, మళ్ళీ వచ్చి కలుసుకుంటాయి. అందుకే ఆ పేరు.

సైకిల్ మాస్టారు:
కలుసుకోవడానికి ఎన్నేళ్ళు పట్టిందో కూడా చెప్పండి. 2013కల్లా అయిపోవాల్సింది. కట్టే కంపెనీ దివాలా తీసింది, ముక్కలు సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ సైకిల్ మీద వెళ్తే మధ్యలో దారి వంకర తిరుగుతుంది. గాజు పలక అడ్డు పెట్టారు కాబట్టి సరిపోయింది, లేకపోతే కొత్తవాళ్ళు నేరుగా నీళ్ళలోకే.

వాల్బీ బాబాయ్:
వచ్చింది సైకిలు! ఇందాకే అనలేదూ?

ఓరెస్టాడ్ అత్తయ్య:
అసలు నోర్డ్‌హావ్న్‌లో ఉంటూ ఒఫీలియా ప్లాడ్స్ దాకా పోవడం దేనికమ్మా? నీ ఇంటి దగ్గరే సాండ్‌కాయ్ ఉంది. అదీ పాత రేవే, ఎండాకాలం జనం ఈత కొడతారు. ఆ పక్కన పార్కింగ్ భవనం పైకప్పు మీద ఆటస్థలం కట్టారు, 24 మీటర్ల ఎత్తు. పాత ధాన్యం గోదాముని ఇళ్ళు చేశారు. అన్నీ చూపించు, మెట్రో ఖర్చు కూడా లేదు. కాదు, ఒఫీలియాకే వెళ్తానంటే అక్కడా ఈత కొట్టొచ్చు, మా వాళ్ళు దూకారు.

ఆమేయర్ అక్క:
దయచేసి అలా చెప్పకండి. హార్బర్‌లో ఎక్కడ పడితే అక్కడ దూకకూడదు, గుర్తు పెట్టిన చోట్లే ఈత. పడవ బస్సులు అటే తిరుగుతాయి. నీళ్ళు శుభ్రమే, 2002లో ఇస్లాండ్స్ బ్రూగ్గె దగ్గర మొదటి ఈత కొలను పెట్టింది అందుకే. కానీ గట్టి వాన పడితే మురుగు పొంగి హార్బర్‌లో కలుస్తుంది, అప్పుడు ఎర్ర జెండా ఎగరేస్తారు.

కోనసీమ పిల్ల:
అందరికీ చాలా థాంక్స్. అమ్మానాన్న ఈత కొట్టరు, ఆ భయం లేదు. నాన్న అడుగుతున్నారు: ఆ పసుపు పడవ మన గోదావరి పంటు లాంటిదేనా? సైకిళ్ళు ఎక్కిస్తారా?

సైకిల్ మాస్టారు:
ఎక్కిస్తారండీ. మోటార్ సైకిలు మాత్రం కాదు. అది మన పంటులా డబడబలాడదు, 2020 నుంచి బ్యాటరీ మీద నడుస్తోంది. న్యూహావ్న్‌లో ఎక్కి నల్ల గ్రానైట్ లైబ్రరీ దాకా వెళ్ళి రండి. అవతలి ఒడ్డున ఒపేరా భవనం కనపడుతుంది, 2005లో తెరిచారు. ముందువైపు గాజుకి అడ్డంగా ఇనుప పట్టీలుంటాయి. డబ్బిచ్చిన షిప్పింగ్ కంపెనీ పెద్దాయనకీ వాస్తుశిల్పికీ దాని మీద పెద్ద గొడవే జరిగింది. జనం దాన్ని టోస్టర్ అంటారు.

వాల్బీ బాబాయ్:
ఇవాళ పదకొండు. ఫోటోలు?

(ఆదివారం రాత్రి)

కోనసీమ పిల్ల:
వెళ్ళొచ్చాం. మెట్రోలోనే వెళ్ళాం, బాబాయ్ గారు ఏమీ అనుకోకండి. గుండ్రాళ్ళ దగ్గర నాన్న రెండుసార్లు ఆగారు. అమ్మ గట్టుకి పది గజాల దూరంలో స్టూలు వేసుకుని కూర్చుని, కొంగు రెండు చేతులతో పట్టుకుని, అక్కడి నుంచి కదల్లేదు. పులిహోర డబ్బా మూత తీయగానే గాలికి కరివేపాకు ఎగిరిపోయింది. వెనకే సీగల్ వచ్చి ఒక ముద్ద ఎత్తుకెళ్ళింది. అమ్మ దాన్ని తిట్టిన తిట్లకి పక్కనున్న డేనిష్ జంట కూడా నవ్వారు, అర్థం కాకపోయినా.

నాన్న మాత్రం రేవు చూడలేదు. ఆయన ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు. కాళ్ళ కింద మూడంతస్తుల పార్కింగ్ ఉందని పొరపాటున చెప్పాను. 'చుట్టూ సముద్రం పెట్టుకుని అంత లోతు తవ్వితే ఊట నీళ్ళు ఎక్కడికి పోతాయి?' అని మొదలుపెట్టారు. లిఫ్టులో అట్టడుగుకి తీసుకెళ్ళాల్సి వచ్చింది. గోడ పొడుగునా అరచేత్తో తడుముకుంటూ నడిచారు, చెమ్మ దొరుకుతుందేమోనని. ఒక మూల వంగి వేలితో గీకి, వాసన చూసి, 'పొడిగానే ఉంది' అన్నారు, కాస్త నిరాశగా. మోకాళ్ళ నొప్పి ఆ ఇరవై నిమిషాలూ గుర్తు రాలేదు.

పడవ ఎక్కాం. పంటు కంటే మెత్తగా పోతోంది గానీ టీ అమ్మేవాడు లేడన్నారు నాన్న.

ఆమేయర్ అక్క:
బాత్రూమ్?

కోనసీమ పిల్ల:
దొరికింది అక్కా. కాఫీ తాగాం. ముగ్గురి కాఫీల ఖరీదు రూపాయల్లో ఎంతో అమ్మకి చెప్పలేదు.

వాల్బీ బాబాయ్:
ఇవాళ పదమూడు.

కోనసీమ పిల్ల:
పంపేశాను బాబాయ్ గారూ. 62 ఫోటోలు. వంటగది గట్టుకే తొమ్మిది.