టైఫాయిడ్‌కు సూది మందు తప్పనిసరా, మాత్రలు చాలవా?

తెనాలి వాసి:
మా అమ్మగారికి టైఫాయిడ్ అని విడాల్ అనే రక్తపరీక్షలో వచ్చింది. మొదట చూసిన డాక్టరు గారు అజిత్రోమైసిన్ మాత్రలు రాశారు. బంధువుల మాట మీద వెళ్లిన మరో ఆసుపత్రిలో మాత్రం వారం రోజులు చేర్చుకుని సెఫ్ట్రియాక్సోన్ నరానికి ఎక్కించాలన్నారు. ఆవిడ లేచి తిరుగుతున్నారు, ఇడ్లీ, గంజి కడుపులో నిలుస్తున్నాయి. సూది లేకుండా ఈ జ్వరం తగ్గుతుందా?

పల్లె వైద్యం:
చేర్చడమే మంచిదని నా అభిప్రాయం. జ్వరం కాస్త దిగగానే మాత్రలు మానేసేవారిని ఎందరినో చూశాను. సూది అయితే డోసు పడిందన్న భరోసా ఉంటుంది. టైఫాయిడ్ ముదిరితే పేగుకు చిల్లు పడుతుంది, అప్పుడు ఆపరేషన్ తప్ప దారి ఉండదు.

వార్డు నర్సు:
వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, పొట్ట ఉబ్బినా, మలంలో రక్తం పడినా సూది మందే కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ సూదిలో ఉన్నది బలమైన మందు, మాత్రలో ఉన్నది బలహీనమైనది అన్న నమ్మకం సరికాదు. సెఫ్ట్రియాక్సోన్, జెంటామైసిన్ మింగితే పేగుల నుంచి రక్తంలోకి సరిగా చేరవు కాబట్టే వాటిని సూదిగా ఇస్తారు. అజిత్రోమైసిన్ రక్తంలో తక్కువగా కనిపించినా, టైఫాయిడ్ క్రిమి దాక్కునే కణాల లోపలే ఎక్కువగా పేరుకుంటుంది. ఎముకలు, కీళ్ల ఇన్‌ఫెక్షన్ల వంటి మొండి జబ్బుల్లో సైతం తొలి ఆరు వారాలు మాత్రలు వాడినవారు సూదులు వాడినవారికి తీసిపోలేదని 1,054 మందితో బ్రిటన్‌లో జరిపిన అధ్యయనం 2019లో చూపింది.

సూదికి దాని కష్టాలు దానికున్నాయి. మూడో రోజుకు క్యాన్యులా (మందు ఎక్కించే సన్నని గొట్టం) పెట్టిన నరం ఎర్రబడి తాడులా గట్టిపడితే, ముట్టుకోకముందే రోగి చేయి లాక్కుంటారు. నొప్పి తగ్గడానికి లిగ్నోకైన్‌తో కలిపి కండకు వేసే సెఫ్ట్రియాక్సోన్‌ను నరానికి ఎక్కించకూడదు. కాల్షియం ఉండే రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ద్రవంలో ఈ మందును కలపకూడదు. పెన్సిలిన్ పడదేమో అడగకుండా మొదటి డోసు వేయకూడదు. 2014 మార్చి నుంచి ఇది షెడ్యూల్ హెచ్1 మందు, చీటీ లేకుండా అమ్మరాదు. ఇంత జాగ్రత్త అవసరమైన మందును కేవలం భరోసా కోసం వాడటం నాకు బాధ కలిగిస్తుంది.

పల్లె వైద్యం:
మీరు చెప్పింది కాదనను. అయితే మధ్యలో మానేసేవారి సంగతి ఏమిటి?

వార్డు నర్సు:
అజిత్రోమైసిన్ రోజుకు ఒక్కసారి వేసుకునే మాత్ర. ఇంట్లో ఒకరు ఎదురుగా నిలబడి మింగించవచ్చు. సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుందని ముందే చెబితే, రెండో రోజున కంగారుపడి ఆసుపత్రి మార్చరు. ఒక్క విడాల్‌తో టైఫాయిడ్ అని తేల్చలేం కాబట్టి, బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి చూసే పరీక్ష) గురించి డాక్టరు గారిని అడగండి.

తెనాలి వాసి:
మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదు. రేపు ఉదయం ముందు కల్చర్‌కు రక్తం ఇప్పించి, ఆ తరువాతే మొదటి మాత్ర వేస్తాను.