కళింగ స్టేడియంలో హాకీ మ్యాచ్‌కి వెళ్తున్నాం, తిండి ఎక్కడ బాగుంటుంది?

వంశధార ఒడ్డు (గుణుపురం)

అందరికీ నమస్కారం. వచ్చే నెల నాన్ననీ, మా పాపనీ తీసుకుని భువనేశ్వర్ వెళ్తున్నాను. పాప స్కూల్ జట్టులో హాకీ ఆడుతుంది. ఇండియా ఆటను టీవీలో తప్ప ఎప్పుడూ చూడలేదు. టికెట్లు దొరికాయి, మ్యాచ్ రాత్రి ఏడింటికి. మా ఊరి నుంచి భువనేశ్వర్ మీదుగా రూర్కెలా వెళ్లే రాజ్యరాణి రైలు ఉంది కాబట్టి ప్రయాణానికి ఇబ్బంది లేదు.

టెన్షన్ అంతా తిండి గురించే. నాన్నకి 71 ఏళ్లు, షుగర్ ఉంది. రాత్రి ఎనిమిదిన్నరకల్లా మాత్ర వేసుకుని తినాలి. ఉప్పుడు బియ్యం అన్నం ఆయనకు అరగదు. పాపకేమో ఒడియా వంటలన్నీ రుచి చూడాలని ఉంది. ఇంతకు ముందు వెళ్లినవాళ్లు ఎక్కడ తిన్నారో, ఏ వేళకి తిన్నారో చెప్పండి.

పెద్దబజారు అక్క (బరంపురం)

తమ్ముడూ, మధ్యాహ్న భోజనానికి పాత ఊరికి వెళ్లిపోండి. బిందుసాగర్ చెరువు ఒడ్డున అనంత వాసుదేవ ఆలయం ఉంది, పదమూడో శతాబ్దం నాటిది. లింగరాజు దర్శనం చేసుకుని నడిచే వెళ్లొచ్చు. అక్కడి ప్రసాద భోజనాన్ని అబఢా అంటారు. కట్టెల పొయ్యి మీద మట్టి కుండల్లో వండుతారు. ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు. అన్నం అరువా బియ్యంతో, అంటే పచ్చి బియ్యంతోనే వండుతారు కాబట్టి మీ నాన్నగారికి ఏ ఇబ్బందీ ఉండదు. దాల్మా, ఒకటి రెండు కూరలు, ఖటా అనే తీపి పులుపు పచ్చడి, చివర్లో ఖీరి, అంటే పాయసం.

దాల్మా అంటే మన ముక్కల పులుసులా ఉంటుందని అనుకోవద్దు. పులుపే ఉండదు. కందిపప్పులో అరటికాయ, పచ్చి బొప్పాయి, గుమ్మడి, కంద వేసి ఉడికిస్తారు. వేయించిన జీలకర్ర, ఎండుమిర్చి పొడి పైన చల్లుతారు. ఆ పొడి వాసనకే ఆకలి పుడుతుంది. మా అత్తగారు ఆ రుచి ఇంట్లో రావాలని ఏళ్ల తరబడి ప్రయత్నించారు. కుండ, కట్టె లేకుండా రాదని చివరికి ఆవిడే చెప్పారు.

నేల మీద కూర్చుని ఆకులో తినాలి. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులుంటే గట్టు చూసుకుని కూర్చోబెట్టండి. పన్నెండు దాటాక వెళ్లండి, రెండు లోపు తినేయండి. మేము ఒకసారి మూడున్నరకి వెళ్తే అన్నం మాత్రమే మిగిలింది.

పదహారో నంబర్ (పర్లాకిమిడి)

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను స్టేడియం లోపలి సంగతి చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే.

2018 డిసెంబరు 13, ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్. పొద్దున్నుంచి ఊరంతా తిరిగి, సాయంత్రం లోపల ఏదో ఒకటి తిందాంలే అనుకుని ఖాళీ కడుపుతో వెళ్లాను. బ్యాగులో ఉన్న నీళ్ల సీసా, పులిహోర పొట్లం గేటు దగ్గరే తీయించేశారు. హాకీకి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: క్రికెట్‌లాగా మధ్యలో లేచి తినొచ్చే ఆట కాదు. 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు. మొదటి క్వార్టర్ తర్వాత రెండు నిమిషాలు, మూడో క్వార్టర్ తర్వాత రెండు నిమిషాలు, సగం ఆట అయ్యాక పది నిమిషాలు. అంతే. ఆ పది నిమిషాల్లో స్టేడియమంతా స్టాళ్ల మీద పడుతుంది. నేను వరుసలో నిలబడి చేతికి రెండు సమోసాలు వచ్చేసరికి మూడో క్వార్టర్ సగం అయిపోయింది. 2-1తో ఓడిపోయాం. ఆ బాధలో ఆకలి కూడా తెలియలేదు, బయటికి వచ్చాక కళ్లు తిరిగాయి.

కాబట్టి ఐదున్నరకల్లా బయట గట్టిగా టిఫిన్ చేసి లోపలికి వెళ్లండి. ఆట అయ్యాక స్టేడియం ఎదురుగా వెతకొద్దు, అందరూ ఒకేసారి అక్కడికే వస్తారు. నేరుగా ఆటోలో స్టేషన్ ముందున్న మాస్టర్ క్యాంటీన్ వైపు వచ్చేయండి. రాత్రి రైళ్లు ఉంటాయి కాబట్టి అక్కడ రొట్టె, తడ్కా (పప్పు కూర) లాంటివి ఆలస్యంగానైనా దొరుకుతాయి.

వంశధార ఒడ్డు

చాలా ఉపయోగపడే మాట చెప్పారండి. అయితే నాన్న ఎనిమిదిన్నర మాత్ర సంగతి? అప్పటికి ఆట ముగిసీ ముగియకుండా ఉంటుంది.

పెద్దబజారు అక్క

మాత్ర వేళ ముందుకి జరపొచ్చో లేదో మీ డాక్టర్ని అడిగాకే వెళ్లండి, సొంతంగా మార్చొద్దు. మా ఆయనకీ షుగరే. ప్రిస్క్రిప్షన్ కాగితం చూపించి, సీల్ ఉన్న బిస్కెట్ ప్యాకెట్, మాత్రలు మాత్రం లోపలికి తీసుకెళ్లనివ్వమని గేటు దగ్గర మర్యాదగా అడిగాను. ఒప్పుకున్నారు. కాగితం లేకపోతే ఒప్పుకునేవారు కాదేమో.

జయపురం మాస్టారు

అందరూ మర్చిపోయే విషయం ఒకటి ఉంది. తేదీ చూసుకోండి. కార్తీక మాసంలో ఒడియా ఇళ్లలో చాలామంది మాంసం, చేపలు ముట్టరు. చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, ఇంకా కట్టుదిట్టం. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు మాంసం దుకాణాల ముందు వరుసలు చూడాలి! మార్గశిరంలో గురువారాలు లక్ష్మీపూజ. మామూలు రోజుల్లో కూడా గురువారం నీచు తినని ఇళ్లు ఎక్కువ. హాకీ పోటీలు తరచుగా ఈ చలికాలంలోనే పడతాయి. చేపల పులుసు కోసం ఆశగా వెళ్లి గురువారం నాడు నిరాశపడకండి.

రూర్కెలా మనవడు (రాయగడ)

మా తాతగారు రూర్కెలా స్టీల్ ప్లాంట్‌లో పనిచేశారు, సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఎవరైనా అక్కడి బిర్సా ముండా హాకీ స్టేడియంకి వెళ్తారేమోనని రాస్తున్నాను. స్టేడియం ఛెండ్ వైపు, సాంకేతిక విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. 2023 జనవరి 13న ప్రపంచకప్‌లో ఇండియా స్పెయిన్ మీద 2-0తో గెలిచిన రోజు నేను అక్కడే ఉన్నాను. మొదటి గోల్ అమిత్ రోహిదాస్‌ది. సొంత జిల్లా సుందర్‌గఢ్ కుర్రాడు సొంత గడ్డ మీద గోల్ కొడితే ఆ గోల ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను.

అక్కడ పొద్దున్న టిఫిన్‌కి లోటు లేదు. షిఫ్టుల ఊరు కదా, తెల్లవారకముందే పొయ్యి వెలిగిస్తారు. మినప బరా (వడ) మీద వేడి ఘుగుని, అంటే ఎండు బఠాణీల కూర పోసి ఇస్తారు. కొన్ని బళ్ల దగ్గర ఉప్మా మీద కూడా ఘుగుని పోస్తారు. మనవాళ్లు మొదట వింతగా చూస్తారు, రెండో ప్లేటు అడుగుతారు. జనవరి రాత్రి చలి బాగా ఉంటుంది, పెద్దవాళ్లకి శాలువా తప్పనిసరి.

ఆ జిల్లాలో హాకీకీ తిండికీ ఉన్న చుట్టరికం ఇంకెక్కడా చూడలేదు. ఊళ్లలో ఖస్సీ పోటీలు జరుగుతాయి. ఖస్సీ అంటే మేకపోతు. గెలిచిన జట్టుకి కప్పు బదులు మేకపోతునే ఇస్తారు. దాన్ని వండుకుని ఊరంతా తింటారు. ఇంటర్నేషనల్ ఆడిన ఎంతోమంది చిన్నప్పుడు అలాంటి మైదానాల్లోనే ఆడారు. చిన్నతనంలో తాతగారితో ఒక ఫైనల్ చూశాను. గెలిచిన పిల్లలు మేకని భుజాల మీద ఎత్తుకుని పరుగెత్తారు.

సంతల్లో హండియా అమ్ముతారు. ఉడికించిన అన్నంలో రాను అనే మూలికల బిళ్ల కలిపి పులియబెడతారు. అక్కడి ఆదివాసీలకు అది పండగా, పూజా, అతిథి మర్యాదా. ఎవరైనా ప్రేమగా ఇస్తే గౌరవంగా తీసుకోండి, కానీ అందులో మత్తు ఉంటుంది. మ్యాచ్ రోజు వద్దు.

పదహారో నంబర్

ఖస్సీ సంగతి మా కుర్రాళ్లకి చదివి వినిపించాను. ఇక్కడ కూడా పెడదాం అంటున్నారు!

చిలికా గాలి (ఛత్రపురం)

కారులో వెళ్లేవాళ్లు బాలుగాఁవ్‌లో ఆగండి. చిలికా రొయ్యలు, పీతలు అక్కడ తినాల్సిందే. ముందు రేటు అడిగి, తూకం చూసి వండించుకోండి. నన్ను ఒక చోట వండాక రేటు చెప్పి ఇబ్బంది పెట్టారు.

కటక్ వైపు వెళ్లే తీరిక ఉంటే పొద్దున్నే దహీబరా ఆలూదమ్ తినండి. మన పెరుగు గారెల్లా చిక్కటి పెరుగులో ఉండవు. పల్చటి మజ్జిగలో నానిన చిన్న వడలు, పైన కారంగా ఆలూదమ్ (బంగాళాదుంప కూర), ఘుగుని, సన్న కారప్పూస. తిన్నాక అదే గిన్నెలో ఆ మజ్జిగ పోసి ఇస్తారు, అది తాగకుండా లేవొద్దు. సైకిల్ మీద హండీ పెట్టుకుని అమ్మేవాళ్ల దగ్గర మధ్యాహ్నానికే అయిపోతుంది. తిరిగొస్తూ దారిలో పహళ దగ్గర వేడి రసగొల్లా. మన దగ్గర డబ్బాలో దొరికే తెల్లటి గట్టి ఉండలతో పోల్చొద్దు. ఇది లేత గోధుమ రంగులో, వేలు తగిలితే విరిగేంత మెత్తగా ఉంటుంది.

కొత్త సభ్యుడు (రాయగడ)

నేను విద్యార్థిని, స్నేహితులతో వెళ్తున్నాం. తక్కువ ఖర్చులో?

జయపురం మాస్టారు

ఆహార్ కేంద్రాలు వెతకండి బాబూ. 2015లో ప్రభుత్వం మొదలుపెట్టింది. ఐదు రూపాయలకు వేడి అన్నం, దాల్మా. మధ్యాహ్నం పూట పెడతారు. శుభ్రంగా ఉంటుంది, మొహమాటపడాల్సిన పని లేదు. నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లిన ప్రతిసారీ అక్కడే తింటాను.

వంశధార ఒడ్డు

వెళ్లి వచ్చాం. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

అక్క చెప్పినట్టే ఒంటిగంటకి అనంత వాసుదేవలో తిన్నాం. నాన్న నేల మీదే కూర్చుంటానని పట్టుబట్టారు. రెండోసారి దాల్మా అడిగి వేయించుకున్నారు. ఇంట్లో ఏ కూరా రెండోసారి అడగని మనిషి. డాక్టర్ మాత్రను ఆరింటికి వేసుకోవచ్చన్నారు. ఆరింటికి మాత్ర వేయించి, చపాతీ, కూర తినిపించి లోపలికి వెళ్లాం. కాగితం చూపిస్తే బిస్కెట్లు కూడా వదిలారు. నాలుగు క్వార్టర్లలో మేము ఒక్కసారి కూడా సీట్లోంచి లేవలేదు. పాప పెనాల్టీ కార్నర్ పడిన ప్రతిసారీ నాన్న చెయ్యి పట్టుకుని నిలబడేది. రాత్రి మాస్టర్ క్యాంటీన్ దగ్గర రొట్టె తడ్కా కూడా దొరికింది.

కటక్ వెళ్లడం కుదరలేదు, పహళ కూడా. ఒక కిలో ఛెనాపోడ (కాల్చిన పనీర్ మిఠాయి) కొన్నాం, అడుగున మాడిన ముక్క కోసం పాప నాతో పోట్లాడింది. పలాస దాటేసరికి డబ్బా ఖాళీ. అక్కా, మీ ఊరి అప్పడాలు, పచ్చళ్లు కొందామంటే బరంపురంలో రైలు ఆగిన కాసేపు చాల్లేదు. ఈసారి అక్కడ దిగుతాం, మీ పెద్దబజారులో ఏ దుకాణానికి వెళ్లాలో చెప్పండి.