జంతుకణం: బొమ్మ గీస్తున్నారు, భాగాల పనే అర్థం కావడం లేదు

ప్రశ్న (ఉన్నత పాఠశాల టీచర్, 8, 9 తరగతులు)
నమస్కారమండీ. జంతుకణం గీయమంటే మా పిల్లలు చకచకా గీసి భాగాలన్నీ గుర్తించేస్తారు. మైటోకాండ్రియా పనేమిటంటే "కణ శక్త్యాగారం" అని క్లాసంతా ఒకే గొంతుతో చెబుతుంది. ఆ శక్తి దేన్నుంచి వస్తుందని అడిగితే మాత్రం ఒక్కరూ నోరు మెదపరు. గాల్జీ సంక్లిష్టం, అంతర్జీవద్రవ్యజాలం దగ్గరికొస్తే మరీ అయోమయం. బడిలో మైక్రోస్కోపు ఒక్కటే ఉంది. పాఠం ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు (జీవశాస్త్రం టీచర్)
బొమ్మ పక్కన పెట్టి, ముందు వాళ్ల బుగ్గ కణాలే చూపించండి మేడమ్. ఒక్క మైక్రోస్కోపు చాలు, వరసగా వచ్చి చూస్తారు. నోరు పుక్కిలించాక టూత్‌పిక్ మొద్దు వైపుతో బుగ్గ లోపల మెల్లగా గీకమనండి. ఎవరి పుల్ల వాళ్లదే, వాడగానే పారేయాలి. స్లైడు మీద ఉప్పునీటి చుక్క వేసి (లీటరు నీళ్లకు 9 గ్రాముల ఉప్పు) అందులో పులమాలి. పైన ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేసి కాసేపు ఆగండి. అది దొరక్కపోతే పలచటి అయోడిన్ ద్రావణం కూడా పనిచేస్తుంది. కవర్‌స్లిప్‌ను ఒక అంచు ఆనించి నెమ్మదిగా వాల్చాలి, లేదంటే గాలి బుడగలు చేరతాయి. పిల్లలు ఆ బుడగనే కణమనుకుని గీసేస్తారు! నల్లటి మందపాటి అంచుతో నున్నగా, గుండ్రంగా ఉంటే అది బుడగే.

మిథిలీన్ బ్లూ వేస్తే కణాలు లేతనీలంగా, పలచగా, అంచులు వంకరటింకరగా కనిపిస్తాయి. లోపల ముదురు నీలంగా కనిపించేది కేంద్రకం. ఆ రంగు డీఎన్ఏకు గట్టిగా అంటుకుంటుంది కాబట్టే కేంద్రకం అంత స్పష్టంగా తేలుతుంది.

"మైటోకాండ్రియా ఏది సార్?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. దాటవేయకండి, పాఠానికి అసలు ప్రాణం ఆ ప్రశ్నే. మైటోకాండ్రియాకు జానస్ గ్రీన్ లాంటి ప్రత్యేకమైన రంగు కావాలి, ఈ రంగుతో బయటపడవు. రైబోజోములైతే ఏ రంగు వేసినా మామూలు మైక్రోస్కోపుకు అందవు, వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపే దిక్కు. పుస్తకంలో బొమ్మ ఒకే చూపులో కనిపించింది కాదని, ఎన్నో పరిశీలనలు కలిపి గీసిందని అప్పుడు పిల్లలకు తెలుస్తుంది.

మరో జవాబు (ఇంటర్ వృక్ష, జంతుశాస్త్ర అధ్యాపకురాలు)
సార్ చెప్పిన స్లైడు అయ్యాక ఒక్కో భాగానికి ఒక్కో వాక్యం చెప్పుకుంటూ పోవద్దు. ఇన్సులిన్ కథ చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లు ఇంటికొకరున్నారు, కాబట్టి పిల్లలు చెవులు నిక్కించి వింటారు.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాన్ని తీసుకోండి. కేంద్రకంలో ఉన్న ఇన్సులిన్ జన్యువు నకలు ఆర్ఎన్ఏగా బయటికొస్తుంది. రైబోజోములు దాన్ని చదివి అమైనో ఆమ్లాల గొలుసు కడతాయి. ఆ గొలుసు గరుకు అంతర్జీవద్రవ్యజాలంలోకి చేరి సరైన ఆకారంలో మడతపడుతుంది. అక్కడినుంచి గాల్జీకి వెళ్లి చిన్న చిన్న సంచుల్లోకి చేరుతుంది. అదనపు ముక్క తెగి అసలైన ఇన్సులిన్ తయారయ్యేది ఆ సంచుల్లోనే.

ఇక మీరడిగిన శక్తి సంగతి. గ్లూకోజు మొదట కణద్రవ్యంలో సగం విరుగుతుంది. మిగతా పని మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడుకుని పూర్తిచేసి ఏటీపీ (కణం తన పనులకు వాడుకునే శక్తి అణువు) తయారుచేస్తుంది. అన్నం తిన్నాక రక్తంలో గ్లూకోజు పెరిగితే బీటా కణంలో ఏటీపీ కూడా పెరుగుతుంది. ఆ సంకేతంతోనే సంచులు కణత్వచానికి అతుక్కుని ఇన్సులిన్‌ను బయటికి వదులుతాయి. ఈ ఒక్క దారిలో ఆరేడు భాగాలు వాటంతటవే గుర్తుండిపోతాయి. లైసోజోములు మాత్రం ఇందులో ఇమడవు, తెల్ల రక్తకణం బాక్టీరియాను మింగి జీర్ణించుకోవడం చెప్పేటప్పుడు వాటిని తీసుకురండి.

మళ్లీ టీచర్
చాలా థాంక్సండీ, ఇద్దరికీ. ఇన్సులిన్ దారి బోర్డు మీద బాణాలతో గీస్తాను. ఒక్క సందేహం: ఎర్ర రక్తకణంలో కేంద్రకం ఉండదని చెబితే "మరి అది కణమెలా అవుతుంది?" అని అడుగుతున్నారు.

అధ్యాపకురాలు
ఎముక మజ్జలో తయారయ్యేటప్పుడు దానికీ కేంద్రకం ఉంటుందండీ. ముదిరేకొద్దీ దాన్ని బయటికి నెట్టేస్తుంది, మైటోకాండ్రియా కూడా పోతాయి. లోపలంతా హిమోగ్లోబిన్‌తో నిండుతుంది. కొత్త ప్రోటీన్లు తయారుచేసుకోలేదు కాబట్టి సుమారు 120 రోజులే బతుకుతుంది. కోడి, కప్ప ఎర్రకణాల్లో మాత్రం కేంద్రకం ఉంటుంది, ఆ తేడా కూడా చెప్పండి. పరీక్షలో "భాగాలు గుర్తించండి" బదులు "బీటా కణంలో గాల్జీ పనిచేయకపోతే ఏమవుతుంది?" అని అడిగి చూడండి. ఎవరికి అర్థమైందో, ఎవరు బట్టీ పట్టారో అక్కడే తేలిపోతుంది.